మా ఆయన మర్చిపోని లారీ

ఎర్రగుంట్లలో ఈ పొద్దు పెద్దోళ్లకు జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తాండారంటే మా ఆయన్ను తీసుకుపోయినాను. సిమెంటు లారీ తోలి తోలి, ఇప్పుడు ఇంట్లోనే ఉండే మనిషి.

"మీ ఇంటామె పేరేమి, పెద్దాయనా?" అనింది నర్సు.

ఆయన నా మొగం చూసి నవ్వి, తల దించుకున్యాడు.

"పోనీ, మీ లారీ నంబరు?"

టక్కున చెప్పేసినాడు, హారన్ ఎట్ల మోగేదో కూడా! ఎప్పుడో తుక్కుకు పోయిన ఆ బండి మీద నాకు శానా కుళ్లు పుట్టింది.

నలభై ఏండ్లుగా నన్ను "ఏమే" అనే పిల్చినాడు. నా పేరు మర్చిపోయినాడో, పలికేదానికి సిగ్గుపడినాడో నర్సుకూ తెలీలేదు, నాకూ తెలీలేదు. పెద్దాస్పత్రిలో చూపించమని చీటీ రాసిచ్చింది.

అక్కల్లారా, మీ ఆయన మిమ్మల్ని ఎప్పుడన్నా పేరు పెట్టి పిల్చినాడా? మతి బాగున్నప్పుడే ఒక్కసారి పిలిపించుకోండి.