హాతీరాం ఒప్పుకున్న సంబంధం

హాతీరాంది కారేపల్లి దగ్గర తండా. ఖమ్మంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాడు. 2009 వానల్లో భార్య ప్రమీల జ్వరంతో పోయింది. అతను ఏడవలేదు. దినం అయిన మర్నాడే ల్యాబు తాళం తీసి కూర్చున్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్లే పాపం గుమ్మంలోంచి వెనక్కి పోయారు.

అతనికో పిచ్చి ఉండేది. నానా దేశాలవాళ్లు కలిసి, పైసా జీతం లేకుండా రాస్తున్న కంపైలర్‌లో అతనిదీ ఒక చెయ్యి. మనిషి రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేట్టు మార్చేదే కంపైలర్. అది సరిగ్గా మారుస్తోందా అని చూసే పరీక్షలు వందలున్నాయి. వచ్చిన ఫలితం రావలసినదానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కానీ కంపైలర్ లోపల పెట్టుకునే తాత్కాలిక పేర్లు మాటిమాటికీ మారేవి. పని సవ్యంగా జరిగినా, పేరు మారినందుకే పరీక్ష తప్పేది. హాతీరాం ఆ పోలికకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే అక్షరాల వరసను వర్ణించే నమూనాలు, జోడించాడు. పేరు ఉండే చోట 'ఏ పేరైనా సరే' అని ఒక నమూనా. తప్పినవన్నీ ఒక్క దెబ్బకు పాసయ్యాయి. అతనికి సంతోషమూ కలగలేదు, ఏమీ కలగలేదు.

ఆ మధ్యాహ్నమే అక్క కమ్లి ఫోన్ చేసింది.

"ఇల్లందు దిక్కు ఒక సంబంధం ఉన్నది తమ్మీ. ఆమె మొగుడు బొగ్గుబాయిల పోయిండు. ఆదివారం మాట ఇద్దమా?"

"ఇద్దం. ఎవరైతే ఏంది," అన్నాడు హాతీరాం. ఆమె గురించి ఇంకొక్క ముక్క అడగలేదు.

మర్నాడు కంపైలర్ వాళ్లలో ఒక పెద్దాయన దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. 'మీ నమూనా మరీ వదులు. విలువను ఒక పేరులో దాచి ఇంకో పేరులోంచి తీసినా పాసవుతోంది. మొదటిసారి ఏ పేరైనా రావచ్చు. వచ్చినదాన్ని గుర్తుపెట్టుకుని, రెండోసారి అదే వచ్చిందా అని చూడాలి.'

హాతీరాం కావాలనే ఒక ఫలితాన్ని చెడగొట్టి చూశాడు. అదీ దర్జాగా పాసైంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ప్రమీల పోయాక ఈ రెండు నెలల్లో అతనికి ఏదైనా అనిపించడం అదే మొదలు.

సాయంత్రానికి సరిచేసి పంపాడు. తర్వాత అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, ఆమె పేరేంది?"

"గిప్పుడా అడిగేది! జమ్లి."

"నా గురించి చెప్పిన్రా? ఏమన్నది?"

"చెప్పబోతే వద్దన్నది తమ్మీ. నీ పేరు గూడ అడగలే. బట్టలు ఉతుక్కుంటనే సరే అన్నది."

నిన్న తనూ అట్లాగే, ఎవరైతే ఏందని ఒప్పుకున్నాడు. హాతీరాంకు దుఃఖం ఆగలేదు. ల్యాబులోనే, అందరి ముందే ఏడ్చాడు.

"ఆదివారం మాట ఇయ్యకు," అన్నాడు ఎట్లాగో. "నేను పోయి ఆమెతోని మాట్లాడొస్త."