పట్టిన, ఇడువు

మా గ్యారేజీ ఉస్తాద్ పోయాడు. జగిత్యాల దగ్గరి వాళ్ళ ఊరి నుంచి వాళ్ళావిడ ఫోన్ చేసింది. "తమ్మీ, మీ అన్న పోయిండు" అని ఫోన్ అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఇక్కడ ఒమాన్‌లో, ఇబ్రాలో ఎండ రోజూలాగే కాస్తోంది, పక్క షాపులో ఎవరో టైరు మారుస్తున్నారు. ఫోన్ పెట్టేశాక చేతులు కడుక్కుని, అంతవరకూ చేస్తున్న బండి కిందికే మళ్ళీ దూరాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

గ్యారేజీలో పాకిస్తానీలు, బెంగాలీలు, మలయాళీలు అందరికీ ఆయన ఉస్తాద్. నాకు మాత్రం అన్న. నాది కాకినాడ పక్క. డిప్లొమా చేతబట్టుకుని సూపర్‌వైజర్ అనే పేరుతో నేనిక్కడ దిగేసరికి ఆయనకు పదిహేనేళ్ళ సర్వీసు. మాకు వచ్చేవి ఎక్కువగా ఇసుక దిబ్బల మీద టూరిస్టులు నడిపే నాలుగు చక్రాల బైకులు. వాటి బ్రేకుల పనంతా అన్నదే. మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, "సార్, అంగీ ఇస్త్రీ మంచిగున్నది. పొద్దుమీకి గూడ గిట్లనే ఉంటె నువ్వు పని చెయ్యనట్టే" అన్నాడు. సాయంత్రానికి ఆ చొక్కా దేనికీ పనికిరాకుండా పోయింది. ఆయన సార్ అనడం మానేసి తమ్మీ అనడం మొదలుపెట్టాడు.

ఆయన మీద నాకు చచ్చేంత కోపం వచ్చిన రోజులు లేకపోలేదు. చేసిన పనినే మళ్ళీ చేయించేవాడు. బ్రేకు డిస్కును బిగించి పట్టే కాలిపర్లో ఇరుక్కున్న ఇసుకను గాలి కొట్టి ఊదేస్తే ఊరుకునేవాడు కాదు. గాలి కొడితే ఇసుక ఇంకా లోపలికి పోతుందని, పాత టూత్ బ్రష్షుతో, సబ్బు నీళ్ళతో, పసిపిల్లకు స్నానం చేయించినట్టు కడిగించేవాడు. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత ఒకసారి తీస్తే ఆ రోజే వాడెయ్యాలి. మిగిలితే పారబోయాలి. "ఈ నూనె గాలిల తడి తాగుతది తమ్మీ. తడి తాగిన నూనె వేడికి ఉడుకుతది. ఉడికితె బుడగ, బుడగొస్తె బ్రేకు లివర్ ఉత్తగ పోతది" అనేవాడు. ఇదే సంగతి కాలేజీలో నేను నాలుగు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇలా చెబితే తప్ప బుర్రకెక్కలేదు.

ఆయన మాటల్లో మా గ్యారేజీ అంతా తిప్పి తిప్పి చెప్పుకునేది ఒకటుంది. "బండి నడువకుంటె కస్టమర్ వచ్చి తిడతడు. ఆగకుంటె, తిట్టుటానికి ఆడు ఉండడు." హిందీలో, అరబీలో కూడా ఆ మాట తిరిగేది. ఆయన చేసిన బ్రేకు తప్పిందని ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఆయనకు ఉన్న ఆస్తి ఆ పేరు ఒక్కటే. దాని గురించి మాత్రం కాస్త గర్వంగానే ఉండేవాడు.

అలాంటి మా దగ్గరికి ఒకసారి మంచు మీద నడిచే బండి వచ్చింది. సమాయిల్‌లో ఖర్జూరం తోటలున్న ఒక ఒమానీ పెద్దాయన పాత వాహనాల కంటైనర్లో దాన్ని కొన్నాడట. ముందు చక్రాలకు బదులు రెండు పొడుగాటి పలకలు, వెనక రబ్బరు పట్టా. చలికాలంలో ఇసుక దిబ్బల మీద తోలాలని ఆయన సరదా. గ్యారేజీ అంతా పగలబడి నవ్వింది. అన్న నవ్వలేదు. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, గొంతుక్కూర్చుని, "మంచుల జారెటి బండికి బ్రేకు ఎట్ల పెట్టిండ్రో సూడాలె" అన్నాడు. జగిత్యాలలోనూ ఇబ్రాలోనూ బతికినవాడు, చేపల షాపులో ఐసుగడ్డ తప్ప మంచు ఎరగడు.

విప్పి చూస్తే మాకు తెలిసిన బ్రేకే. హ్యాండిల్ మీద లివర్, దాని పక్కన నూనె గిన్నె, సన్నటి గొట్టం, కింద ఒకే డిస్కు, కాలిపర్. కాకపోతే ఆ బండి వేడంతా పట్టా ఎగజిమ్మే మంచుకు చల్లారాలి. ఇసుకలో చల్లార్చేదేముంది? కారు రేడియేటర్ ఒకటి ముందు బిగించి ఇంజన్ను ఎలాగో కాపాడాం. బ్రేకును కాపాడేందుకు దారి కనపడలేదు. ఒక్క షికారుకే నూనె టీ డికాషన్ రంగుకు తిరిగేది. వెళ్ళొచ్చిన ప్రతిసారీ పాత నూనె తీసెయ్యాలి, ఇసుక కడగాలి, ప్యాడ్లు చూడాలి, కొత్త నూనె పోసి గాలి తియ్యాలి. ఇది గెలిచే పని కాదని నేను మొదటి నెలలోనే చెప్పాను. అన్న కూడా కాదనలేదు. "గెలుసుడు గాదు తమ్మీ, మళ్ళొక్కసారి ఆగితె సాలు" అన్నాడు.

గాలి తియ్యడం ఇద్దరి పని. ఒకడు పైన లివర్ నాలుగుసార్లు కొట్టి, నొక్కి పట్టుకుని, "పట్టిన" అనాలి. రెండోవాడు కింద కాలిపర్‌కు ఉన్న నిప్పిల్ అనే చిన్న మరను పానాతో తిప్పి తెరవాలి. బుడగలతో నూనె సన్న ట్యూబులోకి వస్తుంది. నిప్పిల్ మళ్ళీ బిగించాకే "ఇడువు" అనాలి. అప్పుడే పైవాడు లివర్ వదలాలి. నిప్పిల్ తెరిచి ఉండగా వదిలాడా, బయటి గాలి లోపలికి పోతుంది, పనంతా మొదటికొస్తుంది. ఈ పనిలో పట్టిన, ఇడువు తప్ప మూడో మాట ఉండకూడదని అన్న నియమం. నేను ఊసుపోక ఏదైనా మాట్లాడితే పానా ఎత్తి చూపించేవాడు.

ఆ రోజు మూడో మాట నేను అన్నాను. అన్న పైన లివర్ పట్టుకున్నాడు, నేను కింద నిప్పిల్ దగ్గరున్నాను. ఇసుక పట్టి అది ఎంతకీ తిరగలేదు. బలమంతా పెడితే కదిలింది. ఆ సంబరంలో మా ఊళ్ళో నట్టు ఊడినప్పుడు అన్నట్టే "వదులైంది" అన్నాను. కంప్రెసర్ మోతలో ఆయనకు వినపడింది "వదులు" వరకే. వాళ్ళ వైపు నట్టు వదులు కాదు, లూజ్ అవుతుంది. వదులు అంటే ఆయనకు ఇడువు అనే. వదిలేశాడు.

ట్యూబులోంచి నూనె వెనక్కి పోవడం నేను చూశాను. దాని వెంట కందిగింజంత బుడగ ఒకటి పైకి పాకి లోపలికి పోయింది. చెప్పాల్సింది. ఆ తోటల పెద్దాయన బయట పికప్‌లో కూర్చుని రెండుసార్లు హారన్ కొట్టాడు. ఇంకో రెండు సార్లు పట్టి వదిలితే అదే వచ్చేస్తుందిలే అనుకున్నాను. ఏమీ జరగనట్టు నిప్పిల్ బిగించి "ఇడువు" అన్నాను. అప్పటికే ఇడిచి ఉన్న మనిషి నా వైపు ఎందుకు వింతగా చూశాడో ఆలోచించలేదు. తర్వాత రెండుసార్లు తీసినా ఆ బుడగ రాలేదు.

చివర్లో అన్న లివర్ నొక్కి, నొక్కి, నా వైపు తిరిగాడు. "తమ్మీ, జర మెత్తగున్నది" అన్నాడు.

"కొత్త ప్యాడ్లు కదన్నా, రెండుసార్లు నొక్కితే సర్దుకుంటాయి" అన్నాను.

"సదువుకున్నోనివి. నువ్వు సూసినవ్ గద, సాలు" అన్నాడు.

తన చేత్తో ఒకసారి ఆపి చూడందే ఆయన ఏ బండినీ కస్టమర్‌కు ఇచ్చేవాడు కాదు. ఆ రోజూ పికప్‌లో దిబ్బల దాకా వెళ్ళి తానే ఎక్కాడు. బండి దిబ్బ ఎక్కడం బాగానే ఎక్కింది. దిగేటప్పుడు ఆగలేదు. కింద ఘాఫ్ అనే ఎడారి చెట్టు ఒకటి ఉంది. ఆ చుట్టుపక్కల ఉన్న చెట్టు అదొక్కటే. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, వీసా రద్దయింది, ఆయన వీల్‌చైర్లో విమానం ఎక్కాడు.

కంపెనీ కాగితంలో, మెకానిక్ బ్రేకు సరిగా చూడనందువల్ల జరిగిందని రాశారు. కింద సూపర్‌వైజర్ సంతకం ఉండాలన్నారు. చేశాను. ఇంటి మీద అప్పుందనో, ఉద్యోగం పోతుందనో ఇప్పుడు సాకులు చెప్పను. భయపడ్డాను, అంతే. ఆ తర్వాత గ్యారేజీలో ఆయన మాటను తిప్పి చెప్పుకునేవాళ్ళు లేకుండా పోయారు. ఉస్తాద్ బ్రేకే తప్పిందటగా అని ఒక మలయాళీ నన్ను అడిగితే తల వంచుకుని పానాలు సర్దుకున్నాను.

రెండేళ్ళు ఆయన ఊళ్ళో కర్రతోనూ, తర్వాత మంచం మీదా గడిపాడు. నెలకోసారి నేనే ఫోన్ చేసేవాణ్ణి. ఎలా ఉందన్నా అంటే, "ఆయిల్ మార్చాలె తమ్మీ, మెత్తవడ్డ" అని నవ్వేవాడు. ఆ నవ్వు వినగానే ఇవాళ కాదులే, ఇంకోసారి చెబుదాం అనిపించేది. మంచుబండి ఏమైందని ప్రతిసారీ అడిగేవాడు. పెద్దాయన మళ్ళీ ముట్టుకోలేదని, గ్యారేజీ షెడ్డు వెనక పడి ఉందని చెప్పేవాణ్ణి. "నూనె అట్లనే ఉంచకు, లోపల రబ్బర్లు తింటది" అనేవాడు. సరేనన్నా అనేవాణ్ణి. ఒక్కసారీ తియ్యలేదు.

పదకొండో రోజు అయ్యాక వదిన మళ్ళీ ఫోన్ చేసింది. ఒక మాట అడగాలంది. చివరి దినాల్లో జ్వరంలో మనిషి మంచం పట్టెను నొక్కి పట్టుకునేవాడట. పట్టిన, పట్టిన అనేవాడట. వదలమంటే వదిలేవాడు కాదట.

"ఆఖరికి సోయికొచ్చి ఒక మాట జెప్పిండు తమ్మీ. తమ్ముడు లూజైందని జెప్పిండు, నేనే తప్పు ఇన్న, ఆని తప్పు లేదని జెప్పు అన్నడు. గదేంది తమ్మీ?"

"పని మాటలు వదినా" అన్నాను. ఆమె, సరే బిడ్డా, యాళ్లకు తిను అని పెట్టేసింది.

రెండేళ్ళు ఇంటి పట్టున పడి ఆలోచించి, ఆ రోజు ఏం జరిగిందో ఆయన కనుక్కున్నాడు. కనుక్కున్నది సగమే. ఆయన క్షమించింది నా మాటను. బుడగను నేను చూశానని ఆయనకు తెలియదు. తప్పు తనదే అనుకుని, దాన్ని నా మీద నుంచి దించి పోయాడు. వదినకు చెప్పలేకపోయిన దాన్ని మీకు చెబుతున్నాను. మీలో ఎవరికీ ఆయన తెలియదు, దీనివల్ల ఆయన పేరు తిరిగి వచ్చేదీ లేదు. అయినా ఆయన చేసిన బ్రేకు ఎన్నడూ తప్పలేదని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని నా కోరిక.

నిన్న మధ్యాహ్నం షెడ్డు వెనక్కి వెళ్ళాను. మంచుబండి పలకలు ఇసుకలో కూరుకుపోయాయి, సీటు ఎండకు పగిలింది. కొత్త డబ్బా మూత తీసి గిన్నెలో నూనె పోశాను. లివర్ నాలుగుసార్లు కొట్టి నొక్కాను. ఏ అడ్డూ లేకుండా హ్యాండిల్‌కు వచ్చి తగిలింది. పట్టిన అన్నాను. నిప్పిల్ అవతల కింద ఉంది, నా చెయ్యి అంత దూరం అందదు. ఇడువు అనడానికి ఎవరూ లేరు. వేళ్ళు తిమ్మిరెక్కి, మొద్దుబారినా, నేను పట్టుకునే ఉన్నాను.