మెట్ల మలుపులో అతుకు

పదకొండింటికి డెమో క్లాసు. ఆన్‌లైన్‌లో పిల్లలకి లెక్కలు చెప్పే ఉద్యోగం. మొదటి డెమోలో నేను నోరు తెరిచినది తెరిచినట్టే బొమ్మ ఆగిపోయింది. "నెట్ బాగు చేసుకుని రండి మేడమ్, ఇదే ఆఖరు" అన్నారు. బడిలో ఉన్న ఉద్యోగం వేసవిలోనే ఊడింది. ఇదీ పోతే ఏం చెయ్యాలో తెలియక ఆ ఉదయం నాకు ఒకచోట కాలు నిలవలేదు.

రౌటర్ కింద హాల్లో, నా గది మేడ మీద. వైఫై మెట్ల దాకా వచ్చి నీరసపడిపోతుంది. పోనీ కింద కూర్చుందామా అంటే గుమ్మం ముందే మెయిన్ రోడ్డు, యలమంచిలి బస్సు హారను కొడితే నా మాట నాకే వినబడదు. అందుకే కేబుల్ కొన్నాను. "ఎన్ని మీటర్లమ్మా?" అని షాపతను అడిగితే కొలవకుండానే పదిహేను అనేశాను. ఖర్మ! గోడ వెంట తిప్పి లాగితే మెట్ల మలుపు దగ్గరే అయిపోయింది.

ఇంకోటి కొందామని పది గంటలకి పరుగెత్తాను. షట్టర్ దించే ఉంది. ఉసూరుమంటూ తిరిగొచ్చేసరికి మా నాన్న ఓ పాత నెట్ కేబుల్ ముక్క తెచ్చి, కొత్తదాని కొస కోసి దానికి అతికి, టేపు మొత్తం చుట్టేసి కూర్చున్నారు.

"లాగి సూడమ్మా, ఊడితే అడుగు."

ఊడలేదు. కింద రౌటర్ మీద లైటూ వెలగలేదు. టేపు పీకి చూస్తే రంగు తీగలు నాలుగూ సరిగ్గానే కలిపారు. తెల్లవి నాలుగూ కలిపి ఒకటే ముడి!

"తెల్లయ్యన్నీ ఒకటే లైను కదేటి?"

"ఇది కరెంటు తీగనుకున్నావేటి నాన్నా? ఎవులు సెయ్యమన్నారు నిన్ను? నా ఉద్యోగం తగలెట్టీసేవు!"

లైన్‌మేన్‌గా కొయ్యూరు కొండల్లో వానలో స్తంభాలెక్కిన మనిషి. ఆయన అతుకుని అంతమాట ఎవరూ అని ఉండరు. ముఖం చిన్నబోయింది. అయినా, "ఎలాగెయ్యాలో సెప్పు, బేగి కానిద్దాం" అన్నారు.

ఒక్కో తెల్ల తీగ మీదా వెంట్రుకంత రంగు గీత ఉంటుంది. ఆపరేషనైన ఆయన కళ్ళకి అది ఆనలేదు. నేను నారింజ, నీలం అని చదువుతుంటే ఆయన జతచేసి మెలిపెట్టారు. పదకొండుకి ఐదు నిమిషాలుందనగా పచ్చ లైటు టపటపా కొట్టుకుంది. "టేపు అయిపోనాది, పర్లేదు, నువ్వెళ్ళు" అన్నారు. ఒక్క ఉరుకున గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

నలభై నిమిషాలు బొమ్మ ఒక్కసారీ ఆగలేదు. చివర్లో "సోమవారం చేరండి" అన్నారు. కేకేస్తూ బయటికి వచ్చాను.

నాన్న మలుపులోనే, మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఎనిమిది ముడులూ ఒకదానికొకటి తగలకుండా రెండు చేతుల వేళ్ళ సందుల్లో విడదీసి పట్టుకున్నారు. చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. ఇందాక నేనన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

"అయిపోనాదా అమ్మా? సేతులు తియ్యొచ్చా?"

"తియ్యి నాన్నా" అన్నాను. ఉద్యోగం సంగతి చెప్పడానికి ముందు చున్నీతో ఆయన కళ్ళ మీది చెమట తుడిచాను.