ఎస్తేరు టీచరుగారి అరవై నాలుగు గడులు

మొన్న వానపూట అటక సర్దుతుంటే ఒక అట్టపెట్టెలో పాత క్యాసెట్లు బయటపడ్డాయి. పాటలేమోనని మా మనవడు ఒకటి తీసి టేప్ రికార్డర్‌లో పెట్టాడు. పాట రాలేదు. రేకు మీద మేకుతో గీస్తున్నట్టు, వెయ్యి కీచురాళ్లు ఒక్కసారే అరిచినట్టు ఒక రొద మొదలైంది. వాడు చెవులు మూసుకుని, ఇది పాడైపోయింది అమ్మమ్మా అన్నాడు. ఆపవద్దన్నాను. రొద అయిపోయేదాకా, దాదాపు ఐదు నిమిషాలు, అక్కడే నిచ్చెన మెట్టు మీద కూర్చుని విన్నాను. నా ముఖంలో ఏం కనిపించిందో గానీ వాడు కూడా చెవుల మీంచి చేతులు తీసి నాతో పాటు విన్నాడు. అది పాడైన క్యాసెట్టు కాదు. నా ఇరవై రెండో ఏట నేను రాసిన మొదటి ప్రోగ్రాము. దాన్ని నాచేత రాయించిన మనిషి ఎస్తేరు టీచరుగారు.

రాజోలుకు రెండు మైళ్ల దూరంలో, కాలవ గట్టు పక్కన, రెండు గదుల పెంకుటింట్లో ఆవిడ చిన్నపిల్లల బడి నడిపేవారు. మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లలు ముప్పై మందికి పైనే ఉండేవారు. ఆవిడ నాయనమ్మ ఇతరుల చేలల్లో నాట్లు వేసి బతికిన మనిషి. తండ్రి ఆ ఇంట్లో మొదటిసారి పలక పట్టిన వాడు. ఆవిడ టీచరు ట్రైనింగ్ దాకా చదివారు. యాభై దాటిన వయసు, తెల్ల వాయిల్ చీర, ఎండైనా వానైనా చంకలో గొడుగు. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. పిల్లలు అల్లరి చేస్తే ఆవిడ గొంతు ఇంకా తగ్గించేవారు. ఆవిడేమంటున్నారో వినడానికి పిల్లలే నోళ్లు మూసుకునేవారు.

నేను ఆ బడికి వెళ్లింది డిగ్రీ ఆఖరి సంవత్సరం లెక్కల్లో తప్పిన ఏడాది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉండేది. పిల్లల్ని చూసుకోవడానికి మనిషి కావాలట అని తెలిసి వెళ్లాను. చేరిన వారానికి, పొద్దున్నే బడి ముందు ఊడ్చి ముగ్గు పెడుతుంటే ఆవిడ వెనక నిలబడి చాలాసేపు చూశారు.

"ఎన్ని చుక్కలమ్మా సత్యా?"

"పదిహేనండి. సందు చుక్క, ఎనిమిది దాకా."

"ఒక్క చుక్క తప్పితే?"

"ముగ్గంతా చెడిపోద్దండి."

"మరి లెక్కలు రావని ఎవరు చెప్పేరు నీకు?" అని గొడుగు తలుపు పక్కన ఆనించి లోపలికి వెళ్లిపోయారు. నేను చుక్కలు మరోసారి లెక్కపెట్టి మిగిలిన ముగ్గు వేశాను. ఆ మాట ఆవిడ మళ్లీ ఎప్పుడూ అనలేదు. అనవలసిన అవసరం కూడా రాలేదు.

కంప్యూటరు వచ్చింది ఆ వానాకాలంలోనే. టీచరుగారి తమ్ముడు మస్కట్‌లో ఒక కంపెనీలో గుమస్తా. కొడుకు కోసం తెచ్చిన చిన్న యంత్రం, వాడు చదువుకు కాకినాడ హాస్టలుకు పోయాక, వాళ్లింట్లో మూలన పడి ఉంటే, దాన్ని బడికి ఇమ్మని ఆవిడ తమ్ముడికి ఉత్తరం రాసి తెప్పించారు. ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు. అది పలక కంటే కొంచెం పెద్దది, మీటలే తప్ప తెర లేదు. టీవీకి తగిలించాలి. ప్రోగ్రాము క్యాసెట్టులో ఉంటుంది, టేప్ రికార్డర్‌లో పెట్టి వినిపిస్తే యంత్రం దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. కరెంటు పోతే మొత్తం మరచిపోతుంది. టీచరుగారు తమ ఇంట్లోని నలుపు తెలుపు టీవీని రిక్షాలో పెట్టించి, తాము పక్కన నడుస్తూ, గొడుగు టీవీకి పట్టి తాము తడుస్తూ బడికి తెచ్చారు.

దానితో వచ్చిన ఆటలన్నీ ఇంగ్లీషువి. పేలుళ్లు, పరుగులు. ఆవిడ ఒక పూట అవన్నీ చూసి, మన పిల్లలకు మన అక్షరం కనబడాలి అన్నారు. యంత్రానికి తెలుగు రాదండి అన్నాను. రాకపోతే నేర్పు అన్నారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. యంత్రంతో వచ్చిన పుస్తకం నా చేతిలో పెట్టి, దాని మీద ఒక నిఘంటువు పెట్టి, నెల రోజులు మధ్యాహ్నాలు పిల్లలు పడుకున్నాక నీకు వేరే పనేమీ చెప్పనన్నారు.

ఆ పుస్తకంలో పదిహేను రోజులు మునిగాక ఒక పేజీ దగ్గర నా ఒళ్లు జల్లుమంది. ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు, అరవై నాలుగు గడులు. నిండిన గడికి ఒకటి, ఖాళీ గడికి సున్నా. అలా వరసకో లెక్క వేసి ఇస్తే యంత్రం మనకు కావలసిన ఆకారం గీస్తుంది. ముగ్గు. అంతకంటే ఏమీ కాదు. లెక్కల నోట్సులో మిగిలిన తెల్లకాగితాలన్నీ గళ్లు గీసి అక్షరాలతో నింపాను. మొదట వచ్చింది 'ర'. టీవీ మీద, వాన చినుకుల్లా మెరిసే చుక్కల మధ్య, మెట్లు మెట్లుగా, కొంచెం వంకరగా, తలకట్టుతో సహా 'ర' కనిపించినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. టీచరుగారు దగ్గరికి వచ్చి కళ్లజోడు సర్దుకుని చూశారు. "బాగుంది. తలకట్టు కొంచెం పడుకుంది. లేపు," అన్నారు.

ప్రోగ్రాము సులువైనది. తెర మీద ఒక గడి వెలుగుతూ ఉంటుంది. నాలుగు మీటలతో దాన్ని పైకీ కిందికీ పక్కలకీ నడపాలి, ఐదో మీటతో గడి నింపాలి. ఆ ఐదు మీటల మీద గోళ్ల రంగు చుక్కలు పెట్టాను. మిగతావి నొక్కకుండా పెళ్లి శుభలేఖల అట్టతో టీచరుగారు ఒక మూత కత్తిరించారు, ఐదే కన్నాలు. అయితే పిల్లలు నేరుగా యంత్రం దగ్గరికి వెళ్లడానికి లేదు. మొదట నేల మీద సున్నంతో గీసిన అరవై నాలుగు గడుల్లో ఒకరు నడవాలి, ఒకరు దారి చెప్పాలి, నిండిన గడిలో చింతపిక్క పెట్టాలి. కాళ్లకు వచ్చింది వేళ్లకు వస్తుంది, వేళ్లకు వచ్చింది కళ్లకు వస్తుంది అనేవారు. ఆ తరవాతే టీవీ. అక్కడా ఇద్దరే: ఒకరు మీట నొక్కాలి, ఒకరు చెప్పాలి. చెప్పేవాళ్లు మీట ముట్టుకోకూడదు. నొక్కేవాళ్లు తమ ఇష్టానికి నొక్కకూడదు. క్యాసెట్టు రొద పెడుతున్నంతసేపూ, యంత్రం ఆకలేసి ఏడుస్తోందని పిల్లలు దానికి జోల పాడేవారు.

మా బడిలో నాగమణి అని నాలుగేళ్ల పిల్ల ఉండేది. తల్లీ తండ్రీ ఓడలరేవులో ఉండి సముద్రం మీద వేటకు పోయేవారు. పిల్ల మా ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరిగేది. ఆ ముసలావిడ రోజూ చేపల తట్ట మెట్ల దగ్గర దించి, పిల్లను అప్పగించి వెళ్లేది. నాగమణి బడిలో చేరి ఆరు నెలలైనా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో మాట్లాడుతుందట. మా దగ్గర పేరు పిలిస్తే చెయ్యి ఎత్తేది, అంతే. కొందరు మూగపిల్ల అనేశారు కూడా. యంత్రం దగ్గర ఎప్పుడూ నొక్కే పీట మీదే కూర్చునేది. చెప్పిన గడికి తప్పకుండా వెళ్లేది.

ఒక రోజు టీచరుగారు ఆ పిల్లను చెప్పే పీట మీద కూర్చోబెట్టారు. నొక్కే పీట మీద చిట్టిబాబు. నాకు భయమేసింది. పిల్లను నలుగురిలో చిన్నబుచ్చడం కాదాండీ అని మెల్లగా అడిగాను. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నాగమణి తెర వైపు వేలు చూపించింది. చిట్టిబాబు తెరనే చూస్తున్నాడు గానీ ఆ వేలును చూడటం లేదు, ఎటూ అని అడుగుతున్నాడు. పిల్ల మళ్లీ వేలు చూపించింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. నేను ముందుకు ఒక అడుగు వేశాను. టీచరుగారు నా వైపు ఒక్క చూపు చూశారు, నా కాలు ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"కిందకి," అంది నాగమణి.

చిట్టిబాబు మామూలుగా మీట నొక్కాడు. వాడికి అందులో వింతేమీ లేదు. నేను వంటగదిలోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను.

అప్పటికే కబురు ఊళ్లోకి పోయింది. రాత నేర్పమని పంపితే టీవీ చూపిస్తున్నారని కొందరు తల్లులు గొణిగారు. బడి కమిటీ పెద్ద యోహాను గారు, హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, మంచివారే. ఆయన వాదన ఆయనకుంది. పదో తరగతి పిల్లలకు అక్కరకొచ్చే యంత్రాన్ని ముక్కు తుడుచుకోవడం రాని పిల్లల చేతికివ్వడం దుబారా అని, హైస్కూలుకు పంపేద్దామని కమిటీలో చెప్పారు. టీచరుగారు కాదనలేదు. ఒక్కసారి వచ్చి చూసి తీసుకెళ్లండి అన్నారు. వాళ్లు వచ్చే ముందు రోజు సాయంత్రం ఆ మాట నాతో చెప్పి, నీ ముగ్గు బాగా పెట్టు అన్నారు. ఆవిడ గొడుగు బడిలోనే మరచిపోయి వెళ్లడం నేను మొదటిసారి చూశాను.

కమిటీ వాళ్లు నలుగురు వచ్చారు. గుమ్మంలో తల్లులు, వాళ్ల వెనక చేపల తట్ట దించుకుని నాగమణి అమ్మమ్మ. క్యాసెట్టు పెట్టాను. పిల్లలు జోల పాడారు, కమిటీ వాళ్లు ముఖాలు చూసుకున్నారు. రొద అయిపోయి తెర మీద గడులు వచ్చాయి. నాగమణి చెప్పే పీట మీద కూర్చుంది. రెండు గడులు నిండాయో లేదో, టీవీ చిన్న చుక్కగా ముడుచుకుని ఆరిపోయింది. ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది.

యోహాను గారు జాలిగానే, "పోనీలెండి ఎస్తేరమ్మగారూ, చూసినట్టే అనుకుందాం," అని లేచారు. టీచరుగారు చేతులు వెనక్కి కట్టుకున్నారు. అప్పుడు చూశాను: పిల్లలు మా వైపు చూడటం లేదు. కరెంటు పోవడం వాళ్లకు కొత్త కాదు. చిట్టిబాబు పీట దిగి నేల మీది గళ్లలో మొదటి గడిలో నిలబడ్డాడు. ఇంకొకరు చింతపిక్కల డబ్బా తెచ్చారు. నాగమణి గళ్ల అంచున కూర్చుని, తెర మీద నిండిన రెండు గడులూ ముందు పెట్టించి, ఆగిపోయిన చోటు నుంచి మొదలుపెట్టింది. పక్కకి. పక్కకి. కిందకి. పెట్టు. నాలుగో వరస దగ్గర ఆగింది. తల ఎత్తి, ఆరడుగుల యోహాను గారిని చూసింది.

"తాతగారూ, కొంచెం జరగండి. మీరు గడిలో ఉన్నారు."

గుమ్మంలో ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యోహాను గారు కిందికి చూసుకున్నారు. మెల్లగా చెప్పులు విప్పి, గుమ్మం బయట పెట్టి వచ్చి, చిట్టిబాబును అడిగారు, నేను నిలబడొచ్చా అని. వాడు కాస్త ఆలోచించి చోటిచ్చాడు.

"ఇప్పుడు ఎటమ్మా?"

"పైకి రెండు. అటు కాదండి, ఇటు."

ముప్పై ఏళ్లు హైస్కూలును గడగడలాడించిన మనిషి, నాలుగేళ్ల పిల్ల చెప్పినట్టల్లా పైకీ కిందకీ నడిచి, వంగి చింతపిక్కలు పెట్టారు. ఒకచోట తొందరపడి రెండు గడులు ఎక్కువ నడిస్తే ఆ పిల్ల వెనక్కి పంపింది. అయిపోయాక అందరం చుట్టూ చేరి చూశాం. నేల మీద, గోధుమరంగు పిక్కలతో, 'న'. దీర్ఘం ఇస్తే నాగమణి పేరులో మొదటి అక్షరం. యోహాను గారు నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడి, "ఇది ఇక్కడే ఉండాలండి. పెద్దపిల్లల్నే ఇక్కడికి పంపిస్తాను, నేర్చుకుంటారు," అన్నారు. పంపించారు కూడా. ఆ ఏడాది ప్రతి శనివారం నిక్కర్లూ ఓణీలూ వేసుకున్న పదో తరగతి పిల్లలు మా చిన్న పీటల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ఐదేళ్ల వాళ్ల దగ్గర దారి చెప్పడం నేర్చుకున్నారు. నేను కూడా మార్చిలో లెక్కల పరీక్ష మళ్లీ రాసి పాసయ్యాను. ఎస్తేరు టీచరుగారు ఊరంతా కొబ్బరి ఉండలు పంచారు.

మరుసటి ఏడాది చిన్నపిల్లల బళ్ల టీచర్లందరినీ అమలాపురంలో ఒక రోజు కూర్చోబెట్టి మా పని గురించి వాళ్లకు మమ్మల్ని చెప్పమన్నారు. టీచరుగారు వెళతారనుకున్నాను. ఆవిడ నన్ను నిలబెట్టి తాము ఆఖరి బెంచీలో కూర్చున్నారు. గంటసేపు చెప్పాను, బాగానే చెప్పాననుకున్నాను. చివర్లో ఒక పెద్దావిడ లేచి అడిగారు: "మన అక్షరాలన్నీ గుండ్రనివి కదమ్మా. గళ్లలో నేర్చుకుంటే పిల్లల చేతిరాత మూలలు తేలి పాడవదా?" ఆ ప్రశ్న నాకు ఎన్నడూ తట్టలేదు. ఆఖరి బెంచీ వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"నాకు తెలియదండి," అన్నాను. "సోమవారం మా పిల్లల పలకలన్నీ చూసి తెలుసుకుంటాను. మీరూ వస్తే ఇద్దరం చూద్దాం."

తిరిగొచ్చేటప్పుడు బోడసకుర్రు దగ్గర పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కి ఏరు దాటుతున్నాం. గాలికి ఆవిడ చీర కొంగు నా మీద పడుతోంది. నేను తప్పు చేసిన దానిలా కూర్చున్నాను. సగం ఏరు దాటాక ఆవిడ అన్నారు: "ఇవాళ నువ్వు అన్నీ బాగానే చెప్పేవు సత్యా. కానీ తెలియదన్నావు చూడు, అప్పుడు టీచరువయ్యేవు."

ఆ పెద్దావిడ సోమవారం నిజంగానే వచ్చారు. ముగ్గురం నేల మీద కూర్చుని ముప్పై పలకలు ఒక్కొక్కటే చూశాం. చాలామంది పిల్లలు తమంతట తామే మూలలు గుండ్రంగా తిప్పేశారు. ఇద్దరి అక్షరాలు మాత్రం ఇటుకల్లా ఉన్నాయి. వాళ్లను ఇసకలో వేలితో రాయించాం.

ఎస్తేరు టీచరుగారు పోయి చాలా ఏళ్లయింది. నేను ఎన్నో బళ్లు తిరిగాను, ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చాను. ఇప్పుడు వేలితో తోస్తే తెర మీద సకల లోకం కదులుతోంది, వాటి గురించి నా కంటే పాతికేళ్లు చిన్నవాళ్లు లేచి నాకు తెలియని ప్రశ్నలు వేస్తారు. నేను గొంతు సవరించుకోను, ఎవరి వైపూ చూడను. నాకు తెలియదండి, పిల్లల దగ్గరికి వెళ్లి చూద్దాం రండి, అంటాను. ఆ మాట అన్న ప్రతిసారీ నా వెన్ను కొంచెం నిటారవుతుంది.