లారీ వెనక ఎదురుగాలి

ఎనభైల మొదట్లో, మావాళ్లు వలసొచ్చి స్థిరపడ్డ ఆదిత్యపూర్‌లో ఎం.టెక్. చదివే రోజుల్లో నన్ను ఏడిపించింది గాలి. వేగంగా పోయే లారీ చుట్టూ గాలి ఎలా సుడులు తిరుగుతుందో కంప్యూటర్ మీద లెక్క కట్టాలి. కాలేజీ మొత్తానికీ ఉన్నది ఒక్క కంప్యూటర్. నా వంతు వారానికి ఒక పూట. గాలిని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి మొదటినుంచీ లెక్కేస్తే పూట గడిచిపోయేది, జవాబు వచ్చేది కాదు.

అందుకని ఒక సులువు పట్టాను. ముందు పెద్ద గళ్ల మీద లెక్క కానిచ్చి, ఆ జవాబును చిన్న గళ్ల మీద సరిదిద్దుకోవడం. బియ్యం ముందు చేటలో చెరిగి, తర్వాత రాళ్లు ఏరినట్టు. ఒక్క పూటలో జవాబు చేతికొచ్చింది. ఎగిరి గంతేశాను.

మా గైడు గారు గుంటూరు వైపు మనిషి. కాగితాలు చూసి పెదవి విరిచారు.

"క్యాబిన్ వెనక సుడి ఉంటుంది, ఒప్పుకుంటాను. మరీ మనిషెత్తునా, అదీ వెనక నుంచి ముందుకు కొడుతుందా? అడ్డదారి తొక్కితే ఇంతేనమ్మా. మొత్తం చిన్న గళ్లతోనే మళ్లీ చెయ్యి. అప్పటిదాకా సంతకం పెట్టను."

అంతసేపు కంప్యూటర్ నాకెవరిస్తారు? ఏడాది నీళ్లపాలే. ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఇంట్లో చెప్పుకుంటే, లారీ డ్రైవరైన మా మావయ్య పకపకా నవ్వాడు.

"ఏటే, దీనికేనా ఏడుపు? మేస్టార్ని నా బండెక్కించు. గాలెటేపు కొడతాదో ఆయన్నే సెప్పమను."

పంతంలో గైడు గారూ తక్కువేం తినలేదు. ఆదివారం పొద్దున్నే వచ్చి, ఖాళీ లారీ ఎక్కి, క్యాబిన్ వెనక కడ్డీ పట్టుకుని ముందువైపు తిరిగి నిలబడ్డారు. పక్కన నేను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆయనది బట్టతల. వెనక మిగిలిన జుట్టును పొడుగ్గా పెంచి, నూనె రాసి, నడినెత్తికి అంటించేవారు. అటువైపు చూసే ధైర్యం మా విద్యార్థులెవరికీ లేదు.

"గట్టిగా పట్టుకోండి మేస్టారూ, చలో!" అన్నాడు మావయ్య.

లారీ వేగం అందుకోగానే ఆ జుట్టు వెనక నుంచి లేచి, తల దాటి, కళ్లజోడు మీద పడింది. ఆయన వెనక్కి తోశారు. మళ్లీ వచ్చింది. నవ్వు ఆపుకోలేక చచ్చాను.

"మేస్టారూ, గాలెటేపు కొడతంది?" మావయ్య కిటికీలోంచి కేక.

ఆయన జుట్టు గుప్పిట్లో పట్టుకున్నారు. "వెనక నుంచేనయ్యా!" అని ఆయనే పెద్దగా నవ్వేశారు.

మర్నాడు సంతకం పెట్టి కలం మూశారు. "రుజువు దగ్గర నా జుట్టు సంగతి రాయకు. క్యాబిన్‌కి వెనకున్న కడ్డీకి ఊలు దారాలు కట్టి, ఎటు ఎగురుతాయో చూసి, అది రాయి."

కట్టాను. అవీ ఆయన జుట్టులాగే ముందుకే ఎగిరాయి.