ప్రొబేషన్‌లో నా వెనక నిలబడ్డ మేడమ్

పోయిన వారం తాండూరులో నా క్లినిక్ తాళం తీస్తుండగా క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. "మేడం పోయిందే. గుండెపోటట," అంది. ఏ మేడమ్ అని నేను అడగలేదు. వికారాబాద్ దగ్గరి కాలేజీలో మాకు ఫిజియోథెరపీ పీజీ చెప్పినవాళ్లు చాలామందే ఉన్నా, మేం పేరు లేకుండా మేడమ్ అన్నామంటే ఆమే.

ఆమె నన్ను ఫెయిల్ చేశారు. ఈ మాట ముందే చెప్పేస్తే మేలు. నా కృతజ్ఞతంతా అక్కడే మొదలైంది.

మొదటి ఏడాది క్లినికల్ పరీక్షలో నాకు మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన వచ్చాడు. కరణ్‌కోట వైపు రాళ్లు చెక్కే మనిషి. మోకాలు ఎంత వంగుతుందో కొలిచాను, వ్యాయామాలు నేర్పాను, చివర్లో దర్జాగా "ఇగ కింద కూసోవద్దు," అన్నాను. తాండూరులో మా ఇంటి వెనకే నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్. కింద కూర్చోకుండా రాయి చెక్కేవాణ్ని పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదు. అయినా ఆ మాట అనేశాను.

"కూసోకుంటె ఏం పని చేస్తడు బిడ్డా?" అని మేడమ్ అడిగారు. ఆ ప్రశ్న దగ్గరే నా పరీక్ష పోయింది.

కాలేజీ రూలు సూటిగా ఉండేది. క్లినికల్ తప్పితే ఒక సెమిస్టర్ ప్రొబేషన్. ఆ కాలమంతా వెనక ఒక ఫ్యాకల్టీ నిలబడితే తప్ప పేషెంట్ మీద చెయ్యి వెయ్యకూడదు. మళ్లీ తప్పితే కోర్సు నుంచి పేరు తీసేస్తారు.

నాన్న ఊరుకుంటారా? తెలిసిన పెద్దమనిషిని వెంటబెట్టుకొని వచ్చారు. "జర సర్దుకోండ్రి మేడం, ఒక్క పరీక్షనే గదా," అన్నారు. మేడమ్ ఇద్దరికీ చాయ్ తెప్పించారు. "నేను సర్దుకుంట అనుకోండ్రి. రేపు పేషెంట్ ఎట్ల సర్దుకుంటడు?" అన్నారు. నాన్న చాయ్ సగంలో వదిలేసి లేచారు. నాకూ ఒళ్లు మండిపోయింది. "ఇంటికి పోత మేడం, నాతోటి గాదు," అన్నాను.

"పో. సెమిస్టర్ అయినంక పో," అన్నారు తలెత్తకుండానే.

నా వెనక నిలబడే పని మేడమే తీసుకున్నారు. రూలు ప్రకారం వారానికోసారి నన్ను కలిస్తే చాలు. ఆమె రోజూ కలిసేవారు. ఆదివారాలు నేను ఇంటికొస్తే, తనూ తాండూరు బస్సెక్కి వచ్చి, మా ఊళ్లోనే నన్ను పాలిషింగ్ యూనిట్ల చుట్టూ తిప్పేవారు. బండలు మోసేవాళ్లు ఏ కాలి మీద లేస్తారో, చెక్కేవాళ్లు ఏ మోకాలు మడుస్తారో చూడమనేవారు. "ముందు సూడు. చెయ్యి తర్వాత పెట్టొచ్చు." జొన్నరొట్టె చుట్టి పట్టుకొని నిలబడే తినేవారు. చలికాలం పొద్దున అనంతగిరి గుట్టల గాలికి వార్డంతా వణుకుతుంటే, అరచేతులు రుద్దుకొని వేడెక్కాకే పేషెంట్‌ను ముట్టుకునేవారు. నేను మర్చిపోతే వెనక నుంచి చిన్నగా దగ్గేవారు. ఆ దగ్గు వింటే అప్పట్లో నాకు చిర్రెత్తుకొచ్చేది. ఇప్పుడు దాని కోసమే ప్రాణం కొట్టుకుంటోంది.

మళ్లీ పరీక్ష వచ్చింది. నాకు నేర్పిన ఆమే ఈసారి పరీక్ష పెట్టకూడదు గనక బయటివాళ్లు వచ్చారు. భుజం నొప్పి ఉన్న ఒక కూలీ అక్కను నాకిచ్చారు. "తట్ట ఎట్ల ఎత్తుతవో చూపియ్యక్కా," అని అడిగాను. పని మానుకోమని చెప్పలేదు. నొప్పి పెరగకుండా ఎత్తే తీరు నేర్పాను. పాసయ్యాను. ప్రొబేషన్ తీరింది.

సంబరంగా మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. శభాష్ అంటారనుకుంటే, "వార్డుల నడుం నొప్పి తాత ఎదురుచూస్తున్నడు, పా," అన్నారు. గబగబా వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను, అలవాటుగా ఆమె కోసం ఆగాను. తాత నా భుజం మీదుగా తలుపు వైపు చూశాడు.

"మేడం రాదా?" అన్నాడు.

వెనక్కి తిరిగాను. అక్కడ ఎవరూ లేరు.

"రాదు తాతా. నేనే చూస్త," అన్నాను.

కిటికీలోంచి మేడమ్ కనబడ్డారు. వరండా చివర, కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకొని, ఆమె ఎండలోకి మెట్లు దిగిపోతున్నారు.