జాయ్ ఎత్తే కర్ర

ముక్తేశ్వరం జాయ్‌కి ఇరవై ఆరేళ్లు. అమలాపురంలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. బడి వదలగానే రమణబాబు మాస్టారి జిమ్‌లో బరువులెత్తుతుంది. నిరుడు రాష్ట్ర జట్టు ఎంపికల్లో నాలుగో స్థానం, తీసుకున్నది ముగ్గురిని. ఈ మే నెలలో మళ్లీ ఎంపికలు. పోటీల్లో బరువులెత్తే ఆ చెక్క వేదిక ఇంకొక్కసారి ఎక్కాలన్నది తప్ప ఆమెకు వేరే ఊసు లేదు.

అందుకోసం రెండు పనులు చేసింది. తక్కువ బరువు విభాగంలోకి దిగితే పోటీ తేలికని క్రిస్మస్ వెళ్లగానే తిండి తగ్గించింది. ఈలోగా ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలం మొదలైంది. ఎంపికైతే చాలు ప్రభువా అని నలభై రోజుల ఉపవాసం పట్టింది. పగలంతా మంచినీళ్లు, సాయంత్రం జిమ్‌లో ఇనప బార్ మీద ఎనభై కిలోలు, చీకటి పడ్డాక ఒక్క పూట అన్నం. చర్చి సంఘంలో అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్లెవరూ ఎప్పుడూ బార్ ఎత్తలేదు.

జనవరి నుంచి నెలసరి లేదు. గట్టిగా ఆడేవాళ్లకు అది మామూలేనని ఎవరో అంటే నమ్మింది. పీడా వదిలిందనుకుంది కూడా. మార్చిలో ఒక సాయంత్రం అరవై కిలోలకే బార్ సగంలో వదిలేసింది. మాస్టారు పక్కకి పిలిచారు.

"ఒంట్లో బాగుంటం లేదామ్మా?"

"బానే ఉందండి."

"బాగున్నోళ్లు బార్ని అలా పారెయ్యరు. రేప్పొద్దున్నే వెళ్లి హార్మోన్ల టెస్టు చేయించుకో. మన కుర్రాళ్లు కండల కోసం చేయించుకుంటారు, నువ్వు నా కోసం చేయించుకో."

"ఆయ్."

పరగడుపున రక్తం ఇవ్వాలన్నారు. అది ఆమెకు కష్టం కాలేదు.

డాక్టరమ్మ రిపోర్టులో సంఖ్యల కింద గీతలు గీశారు. ఈస్ట్రోజెన్ అడుగంటింది. అండాశయాలకు పని చెప్పాల్సిన మెదడు కబురు పంపడం మానేసింది.

"తిండి చాలక వచ్చిందమ్మా ఇది. తిండి చాలనప్పుడు ఒళ్లు, ప్రాణానికి అక్కర్లేనివన్నీ ఒక్కోటీ ఆపేస్తుంది. ఇలాగే ఉంటే ఎముకలు గుల్లబారతాయి."

"మేలో ఎంపికలున్నాయండి."

"మేలో నువ్వు బరువెత్తవు. మూడు నెలలు తిను. అప్పుడు మళ్లీ చూద్దాం."

"ఈస్టరుకి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయండి. అది దాటాక..."

"ఇవాళ మధ్యాహ్నం తిను."

ఇంట్లో తల్లి పుష్పలత కోడిగుడ్ల పులుసు పెట్టి పీట వేసింది. జాయ్ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"దేవుడికి మాటిచ్చేనే అమ్మా."

"ఆయనతో నేను మాట్లాడుకుంటాలే. గుడ్డు చల్లారిపోతంది, రా."

రెండు గుడ్లు తింది, ఏడుస్తూనే.

ఈస్టరుకి ముందటి మట్టలాదివారం నాడు సంఘమంతా పాడుకుంటూ వీధిలో నడిచేటప్పుడు అందరూ కొబ్బరి మట్టలు ఊపారు. జాయ్ మాత్రం తన మట్టని రెండు చేతులా తల మీదికెత్తి, మోచేతులు బిగించి పట్టుకుంది.

"ఏంటే, అదేమన్నా బారా?" అని పక్కింటి కనకమ్మ గారు నవ్వారు.

జాయ్ కూడా నవ్వింది. మట్ట దించలేదు.

మే వచ్చింది, వెళ్లింది. జట్టులోకి వెళ్లిన ముగ్గురిలో ఒకమ్మాయి నిరుడు ఆమె వెనక ఉన్నదే. జూలైలో రెండో రిపోర్టు వచ్చింది. సంఖ్యలు సగం దారి నడిచాయి. నెలసరి ఇంకా రాలేదు. ఇంకో మూడు నెలలన్నారు డాక్టరమ్మ.

ఓపిక పడితే అన్నీ వస్తాయని చెప్పడానికి ఊళ్లో చాలామంది ఉన్నారు. ఇరవై ఆరేళ్ల ఒంటికి, ఎదురుగా బార్ పెట్టుకుని ఓపిక పట్టడమంటే ఏమిటో వాళ్లకు తెలియదు.

మాస్టారు ఆమె చేతికి ఒక కర్ర ఇచ్చారు. కొత్తగా చేరినవాళ్లకి ఒడుపు నేర్పే కర్ర అది. జాయ్ రోజూ సాయంత్రం అరచేతులకి సుద్దపొడి రాసుకుని, పాదాలు సర్దుకుని, ఊపిరి బిగించి దాన్ని ఎత్తుతుంది. ఎక్కడా తప్పుండదు. తల మీద కర్రతో కదలకుండా నిలబడుతుంది. పోటీలో రిఫరీ మాట కోసం ఆగినట్టే, దించమని మాట వచ్చేదాకా దించదు. మాస్టారు ఆమె వంకే చూస్తుంటారు. ఆ మాట అనడానికి ఆయనకు నోరు రాదు.